విదేశీ యూనివర్సిటీలో మ్యాథ్స్ సబ్జెక్టులు ఎంచుకోవడం ఎలా?

మన చిత్తూరు తోటల్లో బెంగళూరు కాయ అంటాం. కోస్తాకు పోతే దాన్నే కలెక్టర్ కాయ అంటారు. జ్యూస్ ఫ్యాక్టరీ కాగితాల్లో అది తోతాపురి. కాయ ఒకటే, పేర్లు మూడు. మ్యాథ్స్‌లో వ్యవహారం దీనికి తలకిందులు. పేరు ఒకటే ఉంటుంది, తీరా కోసి చూస్తే లోపల కాయ వేరు. తిరుపతిలో బీఎస్సీలో చదివిన రియల్ అనాలిసిస్ ఒకటి, అమెరికాలో పీజీ మొదటి సెమిస్టర్‌లో అదే పేరుతో కనిపించేది మరొకటి. ఈ సంగతి తెలియక మొదటి సెమిస్టర్ పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఏటా జూన్, జులై నెలల్లో మా ఇంటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తుంటారు. వీసా, ఫ్లైట్ టికెట్, ఊరగాయ సీసా పగలకుండా సర్దడం, అన్నీ కనుక్కొని ఉంటారు. ఏ సబ్జెక్టులు తీసుకుంటున్నారంటే మాత్రం ‘అక్కడికెళ్లాక సీనియర్లను అడుగుతాం సార్’ అంటారు. సీనియర్ చెప్పేది ఆయనకు ఏది సులువుగా మార్కులిచ్చిందో అది. మీకేం వచ్చో ఆయనకు తెలియదు. అందుకని ఆ పిల్లలకు చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: మీకు నిజంగా ఏం వచ్చో రాసుకోండి

ఇది బయల్దేరకముందే, ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని. ముందు మీ బ్యాచ్ సిలబస్ సంపాదించండి. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ సిలబస్ ఈ మధ్య చాలాసార్లు మారింది. 2015-16లో సెమిస్టర్లు వచ్చాయి, 2020-21లో మళ్లీ మార్చారు, 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చింది. కాబట్టి ఇవాళ వెబ్‌సైట్‌లో కనిపించేది మీరు చదివింది కాకపోవచ్చు. మీ బ్యాచ్‌దే తీసుకుని, కాలేజీ స్టాంపు, ప్రిన్సిపాల్ సంతకం వేయించి రెండు సెట్లు పెట్టుకోండి. స్కాన్ చేసి మెయిల్‌లో కూడా దాచుకోండి. అక్కడి ప్రొఫెసర్ ‘దీనికి ముందు చదవాల్సింది నువ్వు చదివావా’ అని అడిగినప్పుడు మార్కుల మెమో ఎందుకూ పనికిరాదు. అందులో పేపరు పేరు, మార్కులు తప్ప ఏమీ ఉండవు.

ఇక అసలు పని. ఒక తెల్లకాగితం మీద ఒక్కో పేపరులోని ఒక్కో యూనిట్ రాసి, పక్కన మూడింట్లో ఒక గుర్తు పెట్టండి. ‘సొంతంగా నిరూపించగలను’, ‘లెక్క చేయగలను’, ‘చూశాను, అంతే’. మీరు తప్ప ఎవరూ చూడరు, కాబట్టి ఉన్నదున్నట్టు రాయండి.

ఈ కాగితంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది: ఛాయిస్‌లో వదిలేసిన యూనిట్లు. మన పరీక్షల్లో ‘ఇది గానీ, అది గానీ’ అని ఇస్తారు గనక ఐదు యూనిట్లలో నాలుగు చదివి ఫస్ట్ క్లాస్ తెచ్చుకోవచ్చు. మెమోలో ఆ ఐదో యూనిట్ కూడా మీకు వచ్చినట్టే ఉంటుంది. విదేశంలో రెండో వారంలో సరిగ్గా ఆ యూనిట్టే అడ్డం వస్తుంది. నా అనుభవం కింద చెబుతాను.

ఒక సిద్ధాంతం బట్టీ పట్టారో, అర్థమైందో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. అందులోని ఒక షరతు తీసేసి చూడండి. సంవృతాంతరం (రెండు చివరలూ కలిసిన అంతరం) మీద అవిచ్ఛిన్న ప్రమేయం (కంటిన్యువస్ ఫంక్షన్) గరిష్ఠ విలువను చేరుతుందని చదివాం. అంతరం వివృతమైతే? సున్నాకూ ఒకటికీ మధ్య, చివరలు కలపకుండా, ‘ఒకటి బై ఎక్స్’ తీసుకోండి. ఎక్స్ సున్నా వైపు జరిగేకొద్దీ విలువ పైపైకి పోతూనే ఉంటుంది, గరిష్ఠం దొరకదు. ఇలాంటి ఉదాహరణ మీ అంతట మీకు తట్టిందంటే ఆ సిద్ధాంతం మీది. తట్టలేదంటే ‘చూశాను, అంతే’ గడిలో వేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, నా కాగితంలో ఆ గడే నిండింది.

ఖాళీలు కనబడ్డాక పూడ్చుకోవడానికి మే, జూన్ నెలలున్నాయి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితం. ఇంకా డిగ్రీలోనో, పీజీ మొదటేడులోనో ఉన్నవాళ్లైతే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణకు అప్లై చేయండి. 1993 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడం కాకుండా, ప్రశ్న వేసి మనచేతే నిరూపణ రాబట్టే పద్ధతి వాళ్లది. బయటి దేశంలో క్లాసు ఎలా ఉంటుందో ముందే రుచి చూసినట్టవుతుంది.

రెండో పని: అక్కడి మాటలు, లెక్కలు తెలుసుకోండి

మనం కోర్సు అంటే బీఎస్సీ మొత్తం. అమెరికాలో కోర్సు అంటే ఒక్క సబ్జెక్టు. బ్రిటన్‌లో మళ్లీ మనలాగే కోర్సు అంటే మొత్తం డిగ్రీ, సబ్జెక్టును మాడ్యూల్ అంటారు. చిన్న విషయమే గానీ మెయిల్ రాసేటప్పుడు తికమక పెడుతుంది.

క్రెడిట్ల లెక్క కూడా దేశానికొకటి. యూరప్‌లో ఈసీటీఎస్ పద్ధతి: సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఏడాదికి 60. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, జర్మనీలో 30 అని లెక్కేస్తారు. బ్రిటన్‌లో మాస్టర్స్ మొత్తానికి 180 క్రెడిట్లు, అక్కడ 10 క్రెడిట్లంటే 100 గంటలు. అమెరికాలో మామూలు సబ్జెక్టు 3 క్రెడిట్లు, వారానికి 3 గంటల క్లాసు. ఈ అంకెలు గుర్తుంచుకోండి, నాలుగో పనిలో అవసరమవుతాయి.

మార్కుల సంగతి ఇంట్లో కూడా ముందే చెప్పిపెట్టండి. బ్రిటన్‌లో 70 దాటితే అదే అత్యున్నత శ్రేణి. ఇంటర్‌లో 75కి 75 తెచ్చుకున్న పిల్లలు అక్కడ 64 చూసి ఏడుస్తారు, నిజానికి అది మంచి మార్కే. జర్మనీలో 1.0 అన్నిటికన్నా గొప్ప, 4.0 గట్టెక్కినట్టు, 5.0 ఫెయిల్. ఫ్రాన్స్‌లో 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 16 వస్తే మిఠాయి పంచొచ్చు.

మూడో పని: పేరు తీసి పక్కన పెట్టి లోపల చూడండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

రియల్ అనాలిసిస్. మన బీఎస్సీలో ఈ పేరుతో ఉండేది అనుక్రమాలు, శ్రేణులు, అవిచ్ఛిన్నత, అవకలనం, రీమాన్ సమాకలనం. అమెరికాలో పీజీ స్థాయిలో ఇదే పేరుంటే అది చాలావరకు మెజర్ థియరీ (సమితుల పొడవు, వైశాల్యం లాంటివి కొలిచే సిద్ధాంతం), దాని మీద కట్టిన లెబేగ్ సమాకలనం. మన బీఎస్సీ రియల్ అనాలిసిస్‌కు అక్కడ సాటి వచ్చేది డిగ్రీ మూడు, నాలుగో ఏడాదుల్లో చెప్పే అనాలిసిస్. అడ్వాన్స్‌డ్ కాలిక్యులస్ అనే పేరు ఇంకా చిక్కు. ఒక యూనివర్సిటీలో అది నిరూపణలతో నిండిన అనాలిసిస్, మరోచోట ఇంజినీర్లకు చెప్పే లెక్కల పద్ధతులు.

కాలిక్యులస్ ఒకటి, రెండు. ఇవి చాలావరకు మన ఇంటర్ సిలబస్సే. డిగ్రీకి వెళ్లినవాళ్లు వీటిని దాటేయడానికి పరీక్షో, క్రెడిట్ బదిలీయో ఉందేమో అడగండి. ఉంటే వాడుకోండి గానీ, కళ్లు మూసుకుని కాదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కోసం నిమిషానికో బిట్టు చొప్పున చేసిన అవకలనం వేరు, అవధి అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో రాయమన్నప్పుడు కావాల్సింది వేరు. కాలేజ్ ఆల్జీబ్రా అని ఉంటే అటు పోనే పోవద్దు, అది స్కూలు స్థాయి. మనం ఆల్జీబ్రా అనుకునే సమూహాలు, వలయాలు, క్షేత్రాలు అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా పేరుతోనో, మోడర్న్ ఆల్జీబ్రా పేరుతోనో ఉంటాయి.

లీనియర్ ఆల్జీబ్రా దాదాపు ప్రతిచోటా రెండు రకాలు. ఒకటి మాత్రికలతో లెక్కలు చేయించేది, రెండోది సదిశాంతరాళాల మీద నిరూపణలు రాయించేది. డేటా సైన్స్‌కు వెళ్లేవాళ్లు మొదటిది చాలనుకుంటారు. నన్నడిగితే రెండోదే తీసుకోమంటాను. మొదటిది కంప్యూటర్ చేసి పెడుతుంది.

న్యూమరికల్ అనాలిసిస్. మనం న్యూటన్-రాఫ్సన్, సింప్సన్ సూత్రం క్యాలిక్యులేటర్ మీద చేసి, నాలుగు దశాంశాల దాకా రాసి పాసయ్యాం. అక్కడ జవాబు కన్నా జవాబులో తప్పెంత, ఆ తప్పు ఎంత వేగంగా తగ్గుతుంది అన్నదే సబ్జెక్టు. పైథాన్‌లోనో, మ్యాట్‌ల్యాబ్‌లోనో రాసి చూపించాలి కూడా. ప్రోగ్రామింగ్ ముట్టనివాళ్లు ముందు అది నేర్చుకోవాలి.

ప్రాబబిలిటీ కూడా అంతే, మెజర్ థియరీతో ఒకటి, లేకుండా ఒకటి. స్టాటిస్టిక్స్‌లో నిరూపణల పేపరు వేరు, సాఫ్ట్‌వేర్ మీద డేటా పెట్టి చేసేది వేరు. ఇక మనం ఒక పేపరంతా కూర్చుని చదివిన త్రిపరిమాణ జ్యామితి, ఆ గోళాలు, శంకువులు, స్తూపాలు, వాటికి అక్కడ సమానమైన పేపరు దొరకడం కష్టం. దాన్ని చూపించి డిఫరెన్షియల్ జామెట్రీలో చేరాలని ఒకబ్బాయి చూశాడు. కుదరలేదు.

మరి లోపల ఏముందో తెలిసేదెట్లా? ప్రతి సబ్జెక్టుకూ యూనివర్సిటీ సైట్‌లో వివరణ ఉంటుంది. అందులో మూడే చూడండి. ముందు చదివి ఉండాల్సినవి ఏవి, వారం వారం ఏం చెబుతారు, మార్కులు దేనికెన్ని. హోంవర్కుకు 20 శాతం, రెండు పరీక్షలకు 80 శాతం అని ఉంటే ఒక రకం. చివర్లో ప్రొఫెసర్ ఎదుట కూర్చుని నోటితో చెప్పే పరీక్ష ఒక్కటే ఉంటే ఇంకో రకం. జర్మనీలో పై స్థాయి సబ్జెక్టులకు ఈ రెండోది మామూలే. మన వైవా లాంటిదనుకుని వెళ్లొద్దు. అరగంట పాటు ఒక సిద్ధాంతాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు.

ఇప్పుడు నా కథ. తిరుపతిలో ఎమ్మెస్సీ మంచి మార్కులతో పూర్తి చేసి జర్మనీకి వెళ్లాను. మొదటి సెమిస్టర్‌లోనే ఫంక్షనల్ అనాలిసిస్ తీసుకున్నాను. ఎందుకంటే ఆ పేరుతో ఇక్కడ పేపరు రాసి 80 దాటించాను. మెజర్ థియరీలో సగం మాత్రం నేను ఛాయిస్‌లో వదిలేసిన సరుకు. రెండో వారానికే ప్రొఫెసర్ ‘ఇది మీకు తెలిసిందే’ అంటూ, మెజర్ థియరీ మీద కట్టిన లెబేగ్ అంతరాళాల మీదుగా నడిచి వెళ్లిపోయాడు. ప్రతి వారం ఇచ్చే ప్రాబ్లమ్ షీట్‌లో మొత్తం మీద సగం మార్కులు వస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు. నాకు మొదటి వారం 40కి 9, రెండో వారం 4. నాలుగో వారంలో వదిలేసి, డిగ్రీ మూడో ఏడాది పిల్లలతో కలిసి మెజర్ థియరీ క్లాసులో కూర్చున్నాను. ‘ఎమ్మెస్సీ చేసినోడివి బీఎస్సీ క్లాసులో ఏం చేస్తున్నావురా’ అని తోటి తెలుగు వాళ్లు నవ్వారు. ఆ క్రెడిట్లు నా డిగ్రీలో కలవలేదు, చదువు ఒక సెమిస్టర్ పెరిగింది, ఇంటి మీద ఆ ఖర్చు పడింది. మరుసటి ఏడాది అదే ఫంక్షనల్ అనాలిసిస్ మళ్లీ తీసుకుంటే, అదే హాల్లో, అదే ప్రొఫెసర్ చెబుతుంటే, తెలిసిన దారిలా అనిపించింది.

ఆ నష్టం తప్పించుకోవడానికి రెండు సాయంత్రాలు చాలేవి. అదెట్లాగో చెబుతాను.

మూడున్నరో పని: మొదటి ప్రాబ్లమ్ షీట్ చేసి చూడండి

చాలామంది ప్రొఫెసర్లు గత ఏడాది ప్రాబ్లమ్ షీట్లు తమ పేజీలో అలాగే ఉంచుతారు. సబ్జెక్టు పేరు, యూనివర్సిటీ పేరు, ఏడాది కొట్టి వెతికితే దొరుకుతాయి. దొరక్కపోతే మెయిల్ రాసి అడగండి. మొదటి షీట్ ప్రింట్ తీసి, ఫోన్ పక్క గదిలో పెట్టి, పుస్తకం మూసి, రెండు సాయంత్రాలు కూర్చోండి.

నాలుగు ప్రశ్నల్లో రెండు పూర్తిగా వచ్చి, మూడోది సగం వస్తే ఆ సబ్జెక్టు మీ స్థాయిదే. నాలుగూ గంటలో అయిపోతే పైది చూడండి. ఒక్కటీ కదలకపోతే, కనీసం ప్రశ్న ఏం అడుగుతోందో కూడా తెలియకపోతే, దానికి కిందిది తీసుకోవాలి. పేరు ఎంత పరిచయమైనదైనా సరే.

షీట్ దొరకనివాళ్ల కోసం, నేను పిల్లలకిచ్చే నాలుగు ప్రశ్నలు ఇవి. ఒక సమూహంలో ప్రతి మూలకాన్నీ దానితోనే గుణిస్తే తత్సమ మూలకం వస్తోంది, ఆ సమూహం వినిమయ సమూహమని చూపండి. సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న సంవృతాంతరం నుంచి అదే అంతరంలోకి పోయే అవిచ్ఛిన్న ప్రమేయం కనీసం ఒక బిందువునైనా కదపకుండా వదిలేస్తుందని చూపండి. ఒక మాత్రికను దానితోనే గుణిస్తే మళ్లీ అదే వస్తోంది, అప్పుడు ప్రతి సదిశనూ ఆ మాత్రిక మార్చనిది ఒకటి, సున్నా చేసేది ఒకటి అని రెండు ముక్కల మొత్తంగా, ఒకే ఒక్క విధంగా రాయవచ్చని చూపండి. చివరిది: బొమ్మా బొరుసా వేస్తూ, వరసగా రెండు బొమ్మలు పడేదాకా సగటున ఎన్నిసార్లు వేయాలి?

ఆఖరిదానికి జవాబు 6. జవాబు చెప్పేశాను కదా అని బాధపడొద్దు, ఎందుకు 6 అన్నది రాయడమే ప్రశ్న. నాలుగింటికీ వాక్యాల్లో, మొదలూ చివరా ఉన్న జవాబు రాయగలిగితే డిగ్రీ పై ఏడాదుల నిరూపణ సబ్జెక్టులకు సిద్ధంగా ఉన్నట్టే. ‘జవాబు తెలుసు గానీ రాయలేకపోతున్నా’ అంటే నిరూపణలు రాయడం నేర్పే చిన్న సబ్జెక్టు ఒకటి మొదట తీసుకోండి. అమెరికా యూనివర్సిటీల్లో చాలాచోట్ల ప్రత్యేకంగా ఉంటుంది. ఎవరూ చిన్నచూపు చూడరు.

తెలుగు మీడియం వాళ్లకొక మాట. పై ప్రశ్నల్లో వినిమయం, సదిశ అనే మాటలు మీకు చటుక్కున తెలిసి, ఇంగ్లిష్ మీడియం వాళ్లకు తెలియకపోయి ఉంటాయి. అక్కడికెళ్లాక సీను రివర్స్ అవుతుంది. చిన్న నోట్‌బుక్‌లో ఒకవైపు తెలుగు మాట, ఒకవైపు ఇంగ్లిష్ మాట, జర్మనీ, ఫ్రాన్స్ వెళ్లేవాళ్లైతే మూడో వరసలో ఆ భాష మాట రాసుకోండి. రెండొందల మాటలు చాలు. ఫ్రాన్స్‌లో సహజ సంఖ్యలు సున్నాతో మొదలవుతాయి, అక్కడ ధన సంఖ్య అంటే సున్నా కూడా కలిసే ఉంటుంది. వివృతాంతరానికి బ్రాకెట్లు తిరగేసి రాస్తారు. జర్మనీలో దశాంశ బిందువు చోట కామా పెడతారు, చేత్తో రాసిన 1 మన 7లా ఉంటుంది. ఆ 1ని 7 అనుకుని మొదటి షీట్‌లో ఒక లెక్క మొత్తం తప్పు చేశాను.

నాలుగో పని: ఎన్ని తీసుకోవాలో గంటల్లో లెక్కేయండి

‘ఫీజు ఎలాగూ కడుతున్నాం కదా సార్, ఒకటెక్కువ తీసుకుంటే లాభమే కదా’ అనే ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. హోటల్లో ఫుల్ మీల్స్ లెక్క ఇక్కడ పనికిరాదు.

జర్మనీలో 9 క్రెడిట్ల సబ్జెక్టు తీసుకున్నారనుకోండి. 9ని 30తో గుణిస్తే 270 గంటలు. సెమిస్టర్‌లో క్లాసులు సుమారు 15 వారాలు, అంటే వారానికి 18 గంటలు. అందులో లెక్చర్, ట్యుటోరియల్ కలిపి 6 గంటలు పోతే మిగిలిన 12 గంటలు టేబుల్ ముందు కూర్చోవాలి. ఇలాంటివి మూడు తీసుకుంటే వారానికి 54 గంటలు. దీని మీద వంట, బట్టలు, పార్ట్‌టైమ్. జర్మనీలో విద్యార్థులకు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయడానికి అనుమతి ఉంది. అనుమతి ఉంది కదా అని మొదటి సెమిస్టర్‌లోనే అంతా వాడేస్తే చదువు సాగదు.

అమెరికాలో కింది హద్దు కూడా ఉంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద డిగ్రీ చదివేవాళ్లు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. పీజీ వాళ్లకు ఎంతన్నది యూనివర్సిటీ చెబుతుంది, చాలాచోట్ల 9. పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగే సబ్జెక్టుల్లో ఒక్కటి, అంటే 3 క్రెడిట్లు మాత్రమే ఈ లెక్కలోకి వస్తుంది. మార్కులు లేకుండా ఊరికే కూర్చుని వినే క్లాసు ఈ లెక్కలోకి రాదు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి, వెళ్లగానే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో మరోసారి అడిగి తెలుసుకోండి.

మొదటి సెమిస్టర్‌కు నేను చెప్పే కలయిక ఇది: నిరూపణలతో నిండిన బరువైన సబ్జెక్టు ఒకటి, సగం తెలిసినది ఒకటి, కంప్యూటర్ మీద పని ఉన్నది ఒకటి. బరువైనవి రెండు ఒకేసారి పెట్టుకోవద్దు. అలిపిరి మెట్ల మీద చూస్తుంటాం కదా, కింద కేకలు వేస్తూ పరుగెత్తిన కుర్రాళ్లే గాలిగోపురం రాకముందే నిమ్మసోడా బండి దగ్గర చతికిలబడి ఉంటారు.

ఐదో పని: ఎటు పోవాలనుకుంటున్నారో దాన్ని బట్టి

డేటా సైన్స్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, ఆప్టిమైజేషన్, న్యూమరికల్ అనాలిసిస్. ఇవి పోను చోటుంటే మిగతావి. ఫ్యాషన్ పేరున్న సబ్జెక్టు వచ్చే ఏడాది కూడా ఉంటుంది, ఈ ఐదు ముందు.

అమెరికాలో పీహెచ్‌డీ లక్ష్యమైతే లెక్క వేరు. చేరిన మొదటి రెండేళ్లలో క్వాలిఫయింగ్ పరీక్షలుంటాయి. ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, కాంప్లెక్స్ అనాలిసిస్, టోపాలజీ, వీటిలోంచే ఎక్కువగా వస్తాయి. పాత పేపర్లు చాలా యూనివర్సిటీలు బయటే పెడతాయి. అవి చూసి వెనక్కి లెక్కేసుకుంటూ సబ్జెక్టులు ఎంచుకోండి. ఫైనాన్స్ వైపైతే స్టొకాస్టిక్ ప్రాసెస్‌లు (కాలంతో పాటు యాదృచ్ఛికంగా మారే విలువల లెక్కలు) తప్పవు, దానికి ముందు మెజర్ థియరీతో ప్రాబబిలిటీ.

తిరిగొచ్చి ఇక్కడే లెక్చరర్ కావాలనుకునేవాళ్లు సీఎస్‌ఐఆర్ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) సిలబస్ ఒకటి గోడకు అంటించుకోండి. మరీ ఇరుకైన అంశంలోనే అన్ని క్రెడిట్లూ ఖర్చుపెట్టేస్తే నెట్‌లో ఆల్జీబ్రా, అనాలిసిస్ ప్రశ్నల దగ్గర మళ్లీ మొదటికొస్తారు.

ఆరో పని: మొదటి రెండు వారాలు

కావాల్సిన దానికన్నా ఒకటి ఎక్కువ సబ్జెక్టుతో మొదలుపెట్టి, అన్ని క్లాసులకూ వెళ్లి, ఒకటి వదిలేయండి. అమెరికాలో దీనికి గడువు ఉంటుంది. ఆ గడువులోగా వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆనవాలు కూడా ఉండదు. దాటాక వదిలితే ‘విత్‌డ్రా’ అని పడుతుంది, ఫీజు కూడా వెనక్కి రాకపోవచ్చు. తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వదిలాక కనీస క్రెడిట్లకన్నా తగ్గేలా ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి ముందు తీసుకోవాలి. వదిలేశాక చెప్పడం కాదు, వదలకముందే చెప్పాలి. వీసాతో ముడిపడిన విషయం.

జర్మనీలో ఇంకో మెలిక. క్లాసుకు పేరివ్వడం, పరీక్షకు పేరివ్వడం రెండు వేర్వేరు. క్లాసులన్నీ విని, షీట్లన్నీ చేసి, పరీక్షకు రిజిస్టర్ చేయడం మరిచిపోయిన మనవాళ్లున్నారు. ఒక పరీక్షకు ఎక్కువ చోట్ల మూడు అవకాశాలే. తప్పనిసరి సబ్జెక్టులో మూడూ పోతే ఆ చదువే అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడి సప్లీలా రాస్తూ పోవచ్చనుకోవద్దు.

ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలుపెట్టి పది వాక్యాల వినయం అక్కర్లేదు. నేను ఫలానా, ఇవి చదివాను, ఈ యూనిట్ చదవలేదు, మీ మొదటి షీట్‌లో రెండు చేయగలిగాను, రెండు రాలేదు, ఈ సబ్జెక్టు తీసుకోమంటారా? ఐదు లైన్లు. ఇలా అడిగితే సూటిగా జవాబిస్తారు. నేను అప్పట్లో ‘మీ ఆశీస్సులతో’ అని ముగించాను, పాపం ఆయనకేం అర్థమైందో.

హోంవర్కు కలిసి చేయొచ్చా, ఎంతవరకు చేయొచ్చు అన్నది మొదటి క్లాసులోనే చెబుతారు, శ్రద్ధగా వినండి. చర్చించుకోవచ్చు, రాసేది మాత్రం ఎవరిది వాళ్లే అన్నది మామూలు నియమం. హాస్టల్లో ఒకడి రికార్డు పదిమంది దించుకున్న అలవాటు అక్కడ చూపిస్తే ఇద్దరి మీదా చర్య ఉంటుంది, ఇచ్చినవాడి మీద కూడా.

సబ్జెక్టు వదిలేసిన సంగతి ఇంట్లో ఎలా చెప్పాలన్నది సిలబస్‌లో ఉండదు. మా నాన్నకు ఫోన్ చేసినప్పుడు ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ చలికాలం సాయంత్రం నాలుగున్నర.

‘ఒక సబ్జెక్టు పోయినట్టేనా నాయనా?’ అన్నాడు.

‘పోలేదు నాన్నా, నేనే వదిలేశా. కింది క్లాసులో కూర్చుంటున్నా.’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఎన్ని నెలలు ఎక్కువైతాది?’ అని మాత్రం అడిగాడు. ఆరు అన్నాను. ‘సరే, పైకం సంగతి నేను చూస్తా. తిన్నావా?’ అన్నాడు. చెప్పడానికి నేను వారం రోజులు టెన్షన్ పడ్డాను. మీరు ఆ రోజే చెప్పేయండి. గడువు తేదీ దాటాక చెబితే ఇంట్లో వాళ్లకు ఖర్చు సర్దుకునే వీలు కూడా ఉండదు.

ఇంకొక్కటి మిగిలింది. సెమిస్టర్ అయిపోగానే ఆ సబ్జెక్టు ఆన్‌లైన్ పేజీ మూసేయడం చాలాచోట్ల మామూలు. పరీక్ష అయిన రోజు సాయంత్రమే సిలబస్, ప్రాబ్లమ్ షీట్లు, మీరు రాసి దిద్దించుకున్న జవాబులు అన్నీ దించుకుని, సబ్జెక్టు పేరు, ఏడాది రాసిన ఫోల్డర్‌లో పెట్టండి. ఇక్కడికొచ్చాక విదేశీ డిగ్రీకి సమానత్వ సర్టిఫికెట్ అడిగినా, ఇంకో యూనివర్సిటీలో పీహెచ్‌డీకి అప్లై చేసినా మళ్లీ అదే ప్రశ్న వస్తుంది: ఈ పేరుతో ఉన్న సబ్జెక్టులో మీరు చదివింది ఏమిటి?